సంచిలో పట్టే గొడ్డలి

1967 నవంబరు 7, బొబ్బిలి

హెడ్మిస్ట్రెస్ గారు ఒప్పుకున్నారు. సగమే. ఆ సగానికే స్టాఫ్ రూములోకి వచ్చి గ్లాసుడు మంచినీళ్ళు గటగటా తాగేశాను.

"మగతోడు లేకుండా కాంపుకి వెళ్తానంటున్నావు. బాగానే ఉంది పైడితల్లీ. కట్టెలెవరు కొడతారు?"

పిల్లలే కొడతారండీ అన్నాను.

"తొమ్మిదో తరగతి ఆడపిల్లలు గొడ్డళ్ళు భుజాన వేసుకుని బొబ్బిలి స్టేషన్లో నిలబడతారా? మర్నాటికి తల్లిదండ్రులంతా నా గుమ్మంలో ఉంటారు."

అంటే రెండు షరతులు. గొడ్డలి దారిలో ఎవరి కంటా పడకూడదు. ఆ గొడ్డలితో పిల్లలు కట్టెలు కొట్టడం ఆవిడ కళ్ళారా చూడాలి, కార్తీక వనభోజనాల నాడు. రెండూ కుదిరితే డిసెంబరు సెలవుల్లో రామతీర్థం కొండలకి మేమే. కుదరకపోతే నిరుటిలాగే మగపిల్లల హైస్కూలు డ్రిల్లు మాస్టారు, ఆయన విద్యార్థులు తోడు.

నిరుడు! కట్టెలు వాళ్ళు కొట్టారు, గుడారాలు వాళ్ళు కట్టారు, కొండ వాళ్ళు ఎక్కారు. నా పిల్లలు కొండ కింద కూర్చుని వంకాయలు తరిగారు. కాంపు మొత్తం వంకాయలే. గౌరి (అప్పుడు ఎనిమిదిలో ఉంది, ఇప్పుడు నా కాంపు లీడరు) తిరుగు రైల్లో అంది, "టీచరు గారూ, ఈ మాత్రం మా ఇంటికాడ తరగనేటండీ?" ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

సంచిలో పట్టే గొడ్డలి కావాలి. బజారులో అడిగితే నవ్వుతారు. చేయించాలి.

నవంబరు 8

బావకి చెప్పాను. (మొగుడయ్యాడని మేనమామ కొడుకుని వేరే ఏమని పిలుస్తాను? బావే.) వీణ బుర్ర తొలుస్తున్నాడు. జుట్టులో, కనుబొమల్లో, అంతా పనసచెక్క పొట్టు.

నా ఆలోచన — కామని, అంటే గొడ్డలి కర్రని, మధ్యకి రెండుగా కోసి సైకిలు గొట్టం ముక్కతో కలపడం. కావాలంటే ఒకటి, వద్దంటే రెండు. బొమ్మ గీసి మరీ చూపించాను.

బావ ఉలి ఆపాడు. "కర్రని కోసి మళ్ళీ అతుకుతావేటి?"

అదే కదా నా తెలివి అన్నాను.

పక్క గదిలోంచి మావ గొంతు — "అతుకా! ఈ ఇంట్లోనా!"

మరిచేపోయాను ఎవరింట్లో ఉన్నానో. ఇక్కడ ఒకే దుంగలోంచి వీణ మొత్తం తీస్తారు. బుర్ర, దండి, చివర సింహంలాంటి యాళి ముఖం, అన్నీ ఒకే చెట్టు. అతుకు వీణలు చేసేవాళ్ళ ఇంట మావ మంచినీళ్ళు కూడా పుచ్చుకోడు.

"నాను సెయ్యను పైడీ. కమ్మరి అప్పన్న కాడికెల్లు. ఇనపోడు, ఆడికి సిగ్గుండదు" అన్నాడు బావ, చాలా మర్యాదగా.

నవంబరు 10

అప్పన్న కొలిమి. సంతకి పోయే దారిలో. నా బొమ్మని అటు తిప్పి, ఇటు తిప్పి, తలకిందులు చేసి చూశాడు.

"మూరెడు కామా? ఇది కట్టెలు కొట్టడానికా, పళ్ళు కుట్టుకోడానికా అమ్మా?"

చేస్తావా చెయ్యవా అన్నాను.

"సేత్తాను. నాకేటి. ఇరిగిపోతే మాత్రం అప్పన్న సేసినాడని ఎవులికీ సెప్పకండి."

పిల్ల గొడ్డలి అని పేరు కూడా పెట్టేశాడు. పేరు బాగుంది.

నవంబరు 12, ఆదివారం

పెరట్లో పరీక్ష. మొదటి దెబ్బ బాగానే పడింది. రెండో దెబ్బకి గొట్టం వంగింది. మూడో దెబ్బకి పై సగం ఎగిరి, అత్త మంచం మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాల్లో పడింది.

"ఓలమ్మ, నా వడియాలు!"

మధ్యాహ్నం ఆ విరిగిన వడియాలే వేయించి వడ్డించింది. బావ ప్రతి ముక్కా నాకు చూపించి మరీ నమిలాడు.

నవంబరు 14

ఏమీ తోచలేదు. సైన్సు రికార్డులు దిద్దాను. అన్నింట్లోనూ కప్ప ఒకేలా ఉంది.

నవంబరు 15

దొరికింది. దొరికింది. దొరికింది!

బడి నుంచి వస్తుంటే స్టేషను రోడ్డు మీద గుంతలు పూడ్చేవాళ్ళు పని ముగించి సామాను బండిలో వేస్తున్నారు. ఒకతను పిక్కాసు నిలబెట్టి, కామ అడుగుని నేలకేసి ఠప్పు ఠప్పుమని పొడిచాడు. ఇనుము జర్రున కిందికి జారింది. కర్ర ఒక చేతిలో, ఇనుము ఇంకో చేతిలో. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. ఇవాళ మాత్రం నడిరోడ్డు మీద నిలబడిపోయాను. రిక్షా అతను బెల్లు కొట్టీ కొట్టీ చివరికి నా చుట్టూ తిప్పుకుని పోయాడు.

ఇంటికొచ్చి, చెప్పులతోనే పెరట్లోకి. బొగ్గుతో గచ్చు మీద గీశాను.

కామ పైన లావు, కిందికి వచ్చేకొద్దీ సన్నం. గొడ్డలి తలకున్న కన్నం కూడా అంతే, పైవైపు వెడల్పు, కిందివైపు ఇరుకు. తలని కర్ర అడుగునుంచి ఎక్కించి పైకి తోస్తే ఒక చోట బిగిసి ఆగుతుంది. విసిరినప్పుడల్లా ఇనుము పైకి ఎగిరిపోవాలని చూస్తుంది. పైన కర్ర లావు కదా, ఎగరలేదు, ఇంకా బిగుస్తుంది. ఊడదీయాలంటే కర్ర అడుగుని నేలకేసి పొడవడమే. బోల్టు లేదు, గొట్టం లేదు, మేకు లేదు. మూరెడు కర్ర, అరచేయంత ఇనుము. పక్కపక్కన పెడితే పుస్తకాల సంచిలో పడతాయి.

ఇన్నాళ్ళూ కర్రని ముక్కలు చెయ్యడం దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ముక్కలెందుకు? కర్రా ఇనుమూ ఎలాగూ రెండే కదా!

బావ గచ్చు మీద బొమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "అయితే కర్ర ఒకటే? కొయ్యక్కర్లేదేటి?"

ఒకటే.

"అతుకు లేదు?"

లేదు మహానుభావా.

"అలగయితే నాను సేస్తాను" అన్నాడు. మొహం దీపావళి నాటి మొహం.

నవంబరు 17

అప్పన్న ఇనుము ఇచ్చేశాడు. పాత లారీ కమాను పట్టీ ముక్క. కన్నం సరిగ్గా నేను గీసినట్టే. "పిక్కాసు కన్నమే కదమ్మా. ఈ మాట ముందే సెప్తే ఆ గొట్టం బాధ తప్పీది" అని నన్నే దెప్పాడు. అక్కడికి గొట్టం వేసేటప్పుడు తనకి తట్టినట్టు.

బావ కామ చేస్తున్నాడు. చూపించడు. గుడ్డ కప్పి పెడుతున్నాడు.

నవంబరు 19, ఆదివారం

నవ్వి నవ్వి డొక్కలు నొప్పి. రాస్తుంటే కూడా అక్షరాలు వంకరపోతున్నాయి.

పొద్దున్న కాఫీలయ్యాక బావ గుడ్డ తీశాడు. పనసచెక్క కామ. తేనె రంగు. లక్క పూత, అద్దంలా మెరుపు. పట్టుకుంటే వేళ్ళు వాటంతట అవే సర్దుకున్నాయి. అడుగున, పట్టు కింద, యాళి ముఖం. కోరలు, ఉబికిన గుడ్లు, బయటికి చాపిన నాలిక. వీణకి చెక్కేదే, నిమ్మకాయంత.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా కోసమని ఇంత అందమైన వస్తువు ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

"ఎక్కించు బావా" అని ఇనుము చేతికిచ్చాను.

పైనుంచి పెట్టబోయాడు. లావు, పట్టదు, పట్టకూడదు కూడా. తిరగేశాడు. అడుగునుంచి పెట్టబోయాడు. అక్కడ యాళి కోరలు చాపుకుని కూర్చుంది. బావ ఇనుముని చూశాడు. యాళిని చూశాడు. మళ్ళీ ఇనుముని చూశాడు.

ముందు మావ మొదలుపెట్టాడు. "ఒరే, గుమ్మం కట్టీసి, గుమ్మానికి అడ్డంగా సింవాన్ని కూకోబెట్టినావురా!" ఇంక ఆగలేదు ఎవరమూ. అత్త గోడ పట్టుకుని నవ్వింది. మావకి దగ్గు తెర వచ్చింది.

"దండి అయిపోతే సెయ్యి ఆగదు నాన్నా. యాళికి పోతాది" అన్నాడు బావ. చాలా చిన్న గొంతుతో. అప్పుడు నా నవ్వు ఆగింది.

నవంబరు 20

యాళిని కోసేశాడు. నేను బడికెళ్ళాక, నేను చూడకుండా. అత్త ఆ ముక్కని దేవుడి గూట్లో పెట్టింది.

మొత్తం కర్రలో అదొక్కటే తన సొంతం. మిగతాదంతా నా బొమ్మ ప్రకారమే. ఈ సంగతి నాకు ఇవాళ తట్టింది. సాయంత్రం గారెలు చేశాను. తిన్నాడు, నాలుగు ఎక్కువే తిన్నాడు. కోపం పోయిందో లేదో గారెలప్పుడు తెలీదు.

నవంబరు 22

ఎక్కింది. బిగిసింది. ఊడింది. మళ్ళీ ఎక్కింది. అత్త వచ్చి లాక్కునేదాకా అదే పని.

నవంబరు 26, ఆదివారం

వనభోజనాలు. ఊరవతల మామిడితోట. మధ్యలో ఒక్క ఉసిరి చెట్టు, అంతమందికి నీడ చాలదు గానీ శాస్త్రానికి సరిపోతుంది. హెడ్మిస్ట్రెస్ గారు ఉసిరి కింద కుర్చీలో, శాలువా కప్పుకుని, న్యాయమూర్తిలా.

గౌరి పుస్తకాల సంచిలో చెయ్యి పెట్టి ముందు ఇనుము తీసింది, తర్వాత కర్ర. ఎక్కించి, తిరగేసి కర్ర నెత్తిని రాయి మీద ఒక్క పోటు పొడిచింది. బిగిసింది. తల్లులంతా వంటలు వదిలి చుట్టూ మూగారు. ఎండిన సరుగుడు దుంగలు కుప్ప పోసి ఉన్నాయి. మొదటి దెబ్బ పక్కకి పోయింది. రెండోది దిగింది. మూడో దెబ్బకి పెచ్చు ఎగిరి హెడ్మిస్ట్రెస్ గారి కుర్చీ దాకా పోయింది. ఆవిడ వంగి ఏరుకుని చూశారు! ఆ తర్వాత పిల్లలు వంతుల కోసం కొట్టుకోవడం తప్ప ఇంక గొడవేం లేదు. పులిహోర, పప్పు, వంకాయ కూర, అన్నీ మా కట్టెలతోనే. (వంకాయలు ఈసారి నవ్వుకుంటూ తరిగారు.)

అక్కడితో రోజు అయిపోతే ఎంత బాగుండును.

నా బంగారు పిల్లలకి శుభ్రత నేర్పింది నేనే. పని అయ్యాక గొడ్డలిని బూడిదతో తోమి, గంగాళం నీళ్ళలో నానబెట్టారు. భోజనాలయ్యేదాకా. గిన్నె అనుకున్నారు!

"ఏదీ, ఊడదీసి సంచిలో పెట్టండి చూద్దాం" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

పొడిచాం. ఊడలేదు. గౌరి పొడిచింది, నేను పొడిచాను, తోటమాలి పొడిచాడు. నేలకి గుంట పడింది, గొడ్డలి ఊడలేదు. పనసచెక్క కడుపునిండా నీళ్ళు తాగి ఉబ్బింది. బావ పనితనంలో వెంట్రుక దూరే సందు కూడా లేదు. ఇంకేం, రెండూ కలిసి ఒకటైపోయాయి.

నా మొహం చూసి ఆవిడ ఏమనుకున్నారో — శాలువా తీసి గొడ్డలికి చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బండెక్కారు. రైలు గేటు దగ్గర బండి ఆగితే ఒక ముసలావిడ తొంగి చూసి అడిగింది, "ఎవులి బిడ్డమ్మా?"

"మా స్కూలుదే" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

ఏడవాలో నవ్వాలో తెలీలేదు. నవ్వే వచ్చింది.

నవంబరు 27

"కొట్టడం చూశాను, సంతోషం. ఊడడం చూడలేదు. డిసెంబరు మధ్య దాకా ఆగుతాను పైడితల్లీ. ఆ తర్వాత డ్రిల్లు మాస్టారికి కబురు పంపక తప్పదు. వంద మాటలు పడాల్సింది నేను."

శాలువా ఉతికి ఇచ్చాను. లక్క వాసన పోలేదు.

నవంబరు 29

పొయ్యి గట్టు మీద ఎండీ ఎండీ ఇనుము దానంతట అదే ఊడిపడింది. పిల్లి అనుకుని అత్త అట్లకాడ విసిరింది.

నవంబరు 30

బావతో తగువు. పెద్దది కాదు. కానీ తగువే.

వదులుండాలి బావా అన్నాను.

"ఎంత?"

నీళ్ళు తాగి ఉబ్బినా చోటుండేంత.

"వదులంటే తప్పు పని పైడీ. వదులుంటే వీణ పలకదు. ఎంట్రుక దూరితే మా నాన్న సెవి మెలేసి మళ్ళీ సేయించీవోడు. ఇప్పుడు నువ్వొచ్చి ఎంట్రుకలు దూరాలంటన్నావు."

ఇది పాడక్కర్లేదు కదా.

"పాడదు. సేసీది నా సెయ్యి కదా."

వెళ్ళి బియ్యం ఏరుకున్నాను. రాళ్ళు లేని బియ్యమే.

డిసెంబరు 1

కర్ర మార్చాం. పనస మెత్తన, దెబ్బకి నలుగుతోంది కూడా. ఇప్పుడు చిరిమాను, బండి ఇరుసులకి వాడే కొండ కర్ర. లక్క వద్దన్నాను. పూత లేని కర్ర చేతిలో పట్టుకుని బావ, జుట్టు దువ్వకుండా పెళ్ళికి పోయేవాడిలా కూర్చున్నాడు.

డిసెంబరు 3, ఆదివారం

వదులుగా చేస్తానని ఒప్పుకున్నాడు పాపం. నిజంగానే ప్రయత్నిస్తున్నాడు. పొద్దున్న ఒకటి చేశాడు — బిగువు. మధ్యాహ్నం ఒకటి — ఇంకా బిగువు. మనసు ఒప్పుకున్నా చెయ్యి ఒప్పుకోవడం లేదు. చివరికి ఉలి పక్కన పెట్టి, "అప్పన్ననే సెయ్యమను, ఆడికి వదులు బాగా వస్తాది" అన్నాడు.

అప్పన్న కర్ర చెక్కితే కర్రలా ఉండదు. అదీ కాక నాకు ఈ కామ బావ చేతిదే కావాలి. ఈ మాట పైకి అన్నాను కూడా. అన్నాక సిగ్గేసింది, మావ వసారాలోనే ఉన్నాడు.

డిసెంబరు 4

క్లాసులో పాఠం చెబుతుంటే తట్టింది. వాక్యం మధ్యలో ఆగిపోయాను. పిల్లలు కప్ప గుండెకి ఏదో అయిందనుకున్నారు.

ఇంటికొచ్చి నా పాత వెంకటగిరి చీర అంచు చింపాను. కర్రకి పైభాగంలో చుట్టాను.

"బావా, ఈ గుడ్డ మీంచి ఇనుము ఎక్కేటట్టు చెయ్యి. ఎంత బిగువుగా చేస్తావో చెయ్యి. వెంట్రుక దూరకూడదు."

"దూరదు" అన్నాడు రోషంగా.

చేశాడు. ఇంకో కర్ర తీసుకుని, గుడ్డ చుట్టి, చూసి, విప్పి, గీరి, మళ్ళీ చుట్టి... దీపాలు పెట్టే వేళకి గుడ్డ మీద ఇనుము వీణ మెట్టంత కచ్చితంగా కూర్చుంది. నేను మురిసిపోయి మెచ్చుకున్నాను. మెచ్చుకుంటూనే ఇనుము కిందికి తీసి, గుడ్డ విప్పి, మళ్ళీ ఎక్కించాను. గుడ్డ మందం మేర లోపల చోటు. ఇనుము ఇంకొంచెం పైకి జారి అక్కడ బిగిసింది. ఒక్క పోటుకి ఊడింది.

బావకి నవ్వు మొదలైంది, లోపల్నుంచి, నెమ్మదిగా. "మోసం ఇది పైడీ."

ఎవరికి?

"నా సెయ్యికి!"

మావ వచ్చి చూశాడు. ఎక్కించాడు, ఊడదీశాడు, చెవి దగ్గర పెట్టుకుని వేలితో మీటాడు. "పలకదు" అన్నాడు. ఆయన తీర్పు అంతే. కానీ చేతిలోంచి కింద పెట్టలేదు.

డిసెంబరు 6

నిన్న పొద్దుటి నుంచి ఇవాళ పొద్దుటి దాకా నీళ్ళ గోలెంలో. మొత్తం గొడ్డలి, తలా కర్రా కలిపి. గోలెం చుట్టూ నలుగురం నిలబడ్డాం. బావ తీశాడు. నిలబెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు, నిజంగా మూసుకున్నాడు. పొడిచాడు.

జర్రున జారింది.

మావ ముందే బావ మెడ పట్టుకుని గెంతాను. ముప్ఫై ఏళ్ళు వస్తున్నాయి నాకు. గెంతాను.

డిసెంబరు 10, ఆదివారం

ఇది రాసి తీరాలి.

మొన్న పొలం నుంచి పెద్ద గుమ్మడికాయ వచ్చింది. బావ, మావ విజయనగరం వెళ్ళారు, ఎవరిదో వీణకి తీగెలు కట్టడానికి. అత్తకి పులుసు పెట్టాలని ఉంది. కానీ గుమ్మడికాయకి మొదటి గాటు మగవాడే పెట్టాలి కదా. ఆ తర్వాత మేం ఎంత తరిగినా తప్పు లేదు. ఎవరైనా కనిపిస్తారేమోనని వీధిలోకి రెండుసార్లు తొంగి చూసింది. ఒక్క మగ పురుగు లేదు.

వచ్చి నా సంచి వైపు చూసింది.

"ఒసే పైడీ. దాన్ని ఇలగ తే."

అత్తా, మనం కొట్టకూడదు కదా అన్నాను, ఊరికే, ఏమంటుందో చూద్దామని.

"మనవేటి కొడతన్నావు? కొట్టీది అది. గొడ్డలికి ఆడేటి, మగేటి."

నేను తల ఎక్కించాను. అత్త కాయని గోనె మీద కుదురుగా పెట్టింది. ఒక్క దెబ్బకి రెండు చెక్కలు! పచ్చటి వాసన గుప్పుమంది. అత్త రెండు చెక్కల మధ్య నిలబడి, అటూ ఇటూ చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నేనా నవ్వు చూడలేదు.

సాయంత్రం మావ పులుసు రెండోసారి వడ్డించుకుంటూ, "గాటు ఎవులు పెట్టినారే?" అన్నాడు.

"సుట్టాలొచ్చినారు" అంది అత్త.

డిసెంబరు 14

హెడ్మిస్ట్రెస్ గారి గదిలో. బల్ల మీద సంచి. సంచిలోంచి కర్ర, ఇనుము. ఎక్కించాను. ప్యూను చేత బకెట్టు తెప్పించి నీళ్ళలో ముంచాను. గంట కొట్టేదాకా ఉంచి తీసి పొడిచాను. ఊడింది.

"ఏదీ" అని ఆవిడ లేచారు. పమిట దోపుకుని ఎక్కించారు. ఊడదీశారు. ఎక్కించారు. ప్యూను గుమ్మంలో నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మూడోసారి ఊడదీశాక కళ్ళజోడు సర్దుకుని, మామూలు గొంతుతో —

"మగతోడు అక్కర్లేదు. వెళ్ళి రండి." ఒక క్షణం ఆగి, "నాకూ ఒకటి చేయించు. మా పెరట్లో మునగచెట్టు కొమ్మలు కొట్టమని ఎన్నాళ్ళని బతిమాలను అందర్నీ?"

వరండాలో గౌరి నిలబడి ఉంది. నా మొహం చూసి అడగనే లేదు, క్లాసు వైపు పరుగు. రెండు క్షణాల్లో తొమ్మిదో తరగతి పైకప్పు లేచిపోయింది. పక్క క్లాసు లెక్కల టీచరు వచ్చి నన్ను కోప్పడింది. కోప్పడనీ.

డిసెంబరు 17, ఆదివారం

బడి ఆవరణలో పిల్లలకి నేర్పడం. కాళ్ళు ఎడంగా. ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ప్రతి దుంగకీ ముందు తల బిగువు చూడాలి. పచ్చి చెట్టు ముట్టుకోకూడదు, ఎండి పడినవే. తోమకూడదు!

నేను పక్కనుంటే బాగా కొడుతున్నారు. లేకపోతే ఎలా కొడతారో తెలీదు. పక్కన లేకుండా చూడడం ఎలాగ?

డిసెంబరు 22

సామాను కట్టడం. బావ కర్రని తుడిచిందే తుడుస్తున్నాడు. "ఎండలో పడీయకండి. మంచులో వదిలీయకండి. పొద్దుపోతే గుడ్డలో సుట్టి పెట్టండి." జాగ్రత్తలన్నీ కర్ర గురించే చెప్పాడు. ఎవరి గురించో నాకు తెలుసు. అలాగే అన్నాను, కర్ర తరఫున.

డిసెంబరు 23

రైలు. సంచి గౌరి ఒళ్ళో. కంపార్టుమెంటులో ఎవరూ మా వైపు చూడను కూడా లేదు. ఆడపిల్లలు, సంచులు, జంతికలు. అంతే. ఇంత కష్టపడితే ఒక్కరైనా అనుమానపడొద్దూ! కొంచెం నిరుత్సాహంగా కూడా ఉంది.

డిసెంబరు 24, రామతీర్థం

గుడారాలు నిలబడ్డాయి. ఒకటి వంకరగా. ఎవరూ సరిచెయ్యలేదు మాకు. వంకరగానే బాగుంది.

కట్టెలకి బయల్దేరాం. బయల్దేరబోతే గౌరి అడ్డంగా వచ్చి నిలబడింది. వెనక మిగతా ఆరుగురు.

"టీచరు గారూ, మీరు రాకండి."

ఏం?

"మీరొస్తే సూస్తారు. సూస్తే మాకు సెయ్యి వణుకుతాది."

ఇదే కదా నేనడిగింది, నెలన్నర నుంచి, అందర్నీ. సరే అన్నాను. చాలా మామూలుగా అన్నాను అనుకుంటాను. వాళ్ళు వరసగా కొండదారి ఎక్కారు. మలుపు దగ్గర ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు బండ మీద కూర్చుని రాస్తున్నాను. పైనుంచి వినిపిస్తోంది. టక్... టక్... టక్. తర్వాత కేకలు, నవ్వులు. మళ్ళీ టక్... టక్. ఇంత ఆనందం నాకు ఎప్పుడైనా కలిగిందా? బావ వినాలి ఇది. పలకదన్న మావ వినాలి.

ఆగింది.

దుంగ మారుస్తున్నారేమో. తల బిగువు చూస్తున్నారేమో. చూడమన్నాను కదా.

ఇంకా మొదలవలేదు. నవ్వులు కూడా లేవు.

లేచాను. దారి దాకా వెళ్ళాను. మొదటి రాయి మీద కాలు కూడా పెట్టాను. అప్పుడు అనిపించింది, నిరుడు డ్రిల్లు మాస్టారు కూడా ఇలాగే లేచి ఉంటాడు. చెడ్డవాడేం కాదు. పిల్లలు ఎక్కడ దెబ్బ తగిలించుకుంటారోనని, మంచి మనసుతోనే, ఒక్క అడుగు ముందుకి వేసి ఉంటాడు.

కాలు వెనక్కి తీశాను.

పప్పు కడిగి పెట్టాను. బియ్యం కడిగి పెట్టాను. మూడు రాళ్ళ పొయ్యి ఖాళీగా ఉంది. ఇంకా ఏ చప్పుడూ లేదు. కూర్చున్నాను.